ఇండియాలో చదివిన నర్సుకి ఆస్ట్రేలియాలో ముందు ఏది: ఆఫ్రా రిజిస్ట్రేషనా, ఆన్‌మాక్ స్కిల్స్ అసెస్‌మెంటా?

కావలి నుంచి ఒక చెల్లెమ్మ అడిగిన ప్రశ్న ఇది. నెల్లూరులో బీఎస్సీ నర్సింగ్ 2018లో పూర్తయింది, తర్వాత చెన్నైలో ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో ఐదేళ్ళు పనిచేసింది. ఏజెంటు ఏమో "ముందు ఆన్‌మాక్ స్కిల్స్ అసెస్‌మెంట్ చేయిద్దాం, పీఆర్ (శాశ్వత నివాసం) ఫైలు కదులుద్ది, రిజిస్ట్రేషన్ సంగతి అక్కడికి పోయాక చూసుకోవచ్చు" అని ఆరు లక్షలు అడుగుతున్నాడు. మాఘంలో పెళ్ళి. ఎట్టా మొదలుపెట్టాలి?

చెల్లెమ్మా, ఏజెంటు చెప్పిన వరస తలకిందులుగా ఉంది. రిజిస్ట్రేషన్ వేరు, స్కిల్స్ అసెస్‌మెంట్ వేరు. నర్సుగా పనిచేయడానికి అనుమతి ఇచ్చేది నర్సింగ్ బోర్డు, దాని దరఖాస్తులు చూసేది ఆఫ్రా. ఆన్‌మాక్ ఇచ్చేది వీసా కోసం ఒక ఉత్తరం మాత్రమే, అదీ 189, 190, 491 లాంటి పాయింట్ల వీసాలకి. ఇండియాలో చదివి ఇండియాలోనే పనిచేసినవాళ్ళకి సాఫీ దారి ఏందంటే, ముందు ఆఫ్రా రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం, దాన్ని చూపించి ఆన్‌మాక్‌లో మోడిఫైడ్ అసెస్‌మెంట్ పెట్టడం. రిజిస్ట్రేషన్ చేతిలో ఉంటే ఆన్‌మాక్ పని తేలిక, కాగితాలూ తక్కువ. ఆసుపత్రే స్పాన్సర్ చేసే 482 వీసా అయితే మామూలుగా రిజిస్ట్రేషనే చాలు, ఆన్‌మాక్ జోలికే పోనక్కర్లేదు.

మొదట ఆఫ్రా వెబ్‌సైట్‌లో సెల్ఫ్ చెక్ చేసుకోండి. దానికి ఏజెంటు అక్కర్లేదు, ఫోన్లోనే అయిపోద్ది. మన బీఎస్సీకి మామూలుగా స్ట్రీమ్ బీ వస్తుంది. అంటే చదువు పనికొస్తుంది గానీ అక్కడి చదువుతో సమానం అనుకోరు, పరీక్షలు రాసి నిరూపించుకోవాలి. ఆ పరీక్షలు రెండు: కంప్యూటర్ మీద రాసే ఎన్‌క్లెక్స్, చేసి చూపించే ఆస్కీ. జీఎన్‌ఎం, అంటే డిగ్రీ కాని నర్సింగ్ డిప్లొమా, ఒక్కటే ఉన్నవాళ్ళు మాత్రం రూపాయి కట్టకముందే ఈ సెల్ఫ్ చెక్ ఫలితం చూసుకోవాల. ఆర్‌ఎన్‌కి, అంటే రిజిస్టర్డ్ నర్సుకి, వాళ్ళు డిగ్రీ స్థాయి చూస్తారు.

ఇక అసలు సంగతికి వస్తా. మనవైపు ఫైళ్ళు నెలల తరబడి ఆగేది పరీక్షల దగ్గర కంటే పేర్ల దగ్గరే ఎక్కువ.

పదో తరగతి మార్కుల లిస్టులో "పి. లక్ష్మీప్రసన్న" అని ఉంటుంది. కాలేజీవాళ్ళు డిగ్రీ మీద "పొన్నలూరు లక్ష్మీ ప్రసన్న" అని మూడు ముక్కలు చేస్తారు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్లో ఇంటిపేరు చివరికి పోతుంది. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి మొత్తం పేరు గివెన్ నేమ్‌లో పెట్టేసి ఉంటుంది. మనకి ఇవన్నీ ఒకే మనిషి. అడిలైడ్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఫైలు చూసే ఆఫీసరుకి నలుగురు మనుషులు. కాబట్టి పాస్‌పోర్టుని కొలతబద్దగా పెట్టుకోండి. మిగతా ప్రతి కాగితం మీద పేరు ఎట్టా ఉందో ఒక తెల్లకాగితం మీద అక్షరం అక్షరం రాసుకోండి, ఖాళీలతో సహా. తేడా ఉన్నవన్నీ పేర్కొంటూ, ఈ పేర్లన్నీ ఒక్కరివేనని నోటరీ అఫిడవిట్ ఒకటి చేయించండి. అఫిడవిట్లో "పై పేర్లు" అని గుండుగుత్తగా రాస్తే పనికిరాదు. ఏ కాగితంలో ఏ పేరు ఉందో విడివిడిగా, కాగితం నంబరుతో రాయాలి. పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఖాళీగా ఉంటే మాత్రం అఫిడవిట్ మీద ఆధారపడకుండా, పరీక్షలకి పేరు నమోదు చేసుకోకముందే పాస్‌పోర్టునే సరిచేయించుకోండి.

ఊరి పేరు, జిల్లా పేరు గురించి కంగారు పడొద్దు. కందుకూరు 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారినప్పుడు పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో ఇంకో జిల్లా పడిన వాళ్ళు చానామంది ఉన్నారు. అది చిన్న వివరణతో తేలిపోయే విషయం. యూనివర్సిటీ పేరు అట్టా కాదు. మీ డిగ్రీ మీద డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం అని ఉంటుంది. 2022 చివర్లో దాని పేరు వైఎస్సార్‌గా మారి, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ అయింది. మధ్యలో ఎప్పుడైనా ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకుని ఉంటే దాని మీద వేరే పేరు ఉంటుంది. రెండూ ఒకే యూనివర్సిటీ అని ఒక వివరణ ఉత్తరం జతచేయండి, లేదా ఇప్పుడు కొత్తగా ట్రాన్స్‌క్రిప్ట్ తీసుకోండి. కొత్తది తీసుకోవడమే మేలు, ఎందుకంటే పాతవాటిలో చాలాసార్లు సబ్జెక్టువారీగా థియరీ గంటలు, క్లినికల్ గంటలు విడిగా ఉండవు. వాళ్ళకి కావాల్సింది ఆ గంటలే, మార్కులు కావు. కాలేజీలో గంటల పట్టిక తయారుచేయించి సంతకం పెట్టించుకున్నాకే విజయవాడ రైలెక్కండి. ఉత్త చేతులతో పోతే మళ్ళీ కాలేజీకి పొమ్మంటారు, ఒక రోజూ టికెట్టు డబ్బులూ దండగ.

అనుభవ పత్రం దగ్గర రెండో చిక్కు. మన ప్రైవేటు ఆసుపత్రులు ఇచ్చే లెటర్ మూడు లైన్లు: ఫలానా వాళ్ళు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు స్టాఫ్ నర్సుగా చేశారు, ప్రవర్తన బాగుంది, భవిష్యత్తు బాగుండాలని కోరుకుంటున్నాం. ప్రవర్తన సంగతి ఎవరూ అడగలేదు. లెటర్‌లో ఉండాల్సినవి ఇవి: ఆసుపత్రి లెటర్‌హెడ్, మీ పూర్తి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, చేరిన తేదీ, మానేసిన తేదీ, వారానికి ఎన్ని గంటలు, ఏ వార్డు, అందులో ఎన్ని పడకలు, వెంటిలేటర్ పేషెంట్లని చూశారా, మందులు ఇచ్చారా, షిఫ్టు ఇన్‌ఛార్జిగా చేశారా, సంతకం పెట్టినవారి పేరు, హోదా, ఆసుపత్రి ఈమెయిల్. జీమెయిల్ ఐడీ ఇస్తే అనుమానంగా చూస్తారు. ఈ పత్రం ఆన్‌మాక్ దగ్గర కూడా పనికొస్తుంది, ఎందుకంటే వృత్తి కోడ్ దాన్ని బట్టే ఇస్తారు. ఐసీయూ, ఎమర్జెన్సీ నర్సులకి 254415. లెటర్‌లో ఐసీయూ మాటే లేకపోతే ఆ కోడ్ అడగడానికి మీ దగ్గర ఆధారం ఉండదు.

జీతం బ్యాంకులో పడిందా, చేతికిచ్చారా? పీఎఫ్ పాస్‌బుక్, ఫారం 16, బ్యాంక్ స్టేట్‌మెంట్ ఉంటే ఆ ఐదేళ్ళూ నిలబడతాయి. చేతికి ఇచ్చి ఉంటే ఎన్ని లెటర్లున్నా బలం తక్కువ. ఇప్పుడు పని మానేసి ఇంట్లో కూర్చుని చదవాలని ఆలోచన ఉంటే వద్దు. గత 5 ఏళ్ళలో కనీసం 450 గంటలు నర్సుగా పనిచేసి ఉండాలని బోర్డు నియమం. మీకు ఇవాళ దానితో ఇబ్బంది లేదు గానీ, పెళ్ళి, పిల్లలు, పరీక్షలు అంటూ నాలుగేళ్ళు గడిచిపోతే అదే మెడకు చుట్టుకుంటుంది.

మీ రిజిస్ట్రేషన్ సక్రమంగా ఉందని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ నర్సింగ్ కౌన్సిల్ నుంచి నేరుగా ఆఫ్రాకి పోవాలి, మీ చేతుల మీదుగా కాదు. పాతబడినా తీసుకోరు, మూడు నెలల లోపుది ఉండాలి. అందుకని దాన్ని అందరికంటే ముందు తెప్పించి దాచుకోవడం తెలివితక్కువ పని, దరఖాస్తు పెట్టే సమయానికే అడగండి. ఇంకో మాట, చెన్నైలో చేరినప్పుడు తమిళనాడు కౌన్సిల్లో కూడా పేరు నమోదు చేయించుకున్నారా? అయితే రెండు కౌన్సిళ్ళ నుంచీ తెప్పించాలి. ఇది మన నెల్లూరు, ఒంగోలు పిల్లలు ఎక్కువగా మరిచిపోయే విషయం. ఆంధ్రా రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయకుండా వదిలేసి ఉంటే ముందు అది చేయించుకోండి.

ఇంగ్లిష్ సంగతి పొడిపొడిగా: 2025 మార్చి నుంచి రాతలో కాస్త సడలించారు. ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7, వినడం, చదవడం, మాట్లాడటం మూడింటిలో 7 చొప్పున, రాయడంలో 6.5. ఓఈటీలో, అంటే వైద్యరంగం వాళ్ళ కోసం పెట్టిన ఇంగ్లిష్ పరీక్షలో, ఆ మూడింటిలో బీ, రాతలో సీ ప్లస్, అంటే 300. నర్సులకి ఓఈటీనే నయం, రాసేది డిశ్చార్జి లెటరో రెఫరల్ లెటరో కాబట్టి. అక్కడ ఫెయిలయ్యేది ఇంగ్లిష్ రాక కాదు. కేస్ నోట్స్‌లో ఉన్నదంతా లెటర్లోకి దింపేస్తారు. చదివే మనిషికి అక్కర్లేనిది వదిలేయడం కూడా మార్కే.

ఎన్‌క్లెక్స్ చెన్నైలో రాయొచ్చు, హైదరాబాద్‌లోనూ ఉంది. ఫీజు 200 అమెరికా డాలర్లు, బయటి దేశంలో రాస్తున్నందుకు ఇంకో 150. పేరు నమోదు చేసేటప్పుడు రెగ్యులేటరీ బాడీ దగ్గర ఆఫ్రానే ఎంచుకోండి, అమెరికా రాష్ట్రం ఏదో నొక్కేసి తర్వాత ఏడ్చేవాళ్ళున్నారు. 85 నుంచి 150 ప్రశ్నలు, 5 గంటలు, వెనక్కి పోయి దిద్దుకునే వీల్లేదు. తప్పితే 45 రోజులు ఆగాలి. పరీక్ష అమెరికాది కాబట్టి పారాసిటమాల్‌ని అసిటమినోఫెన్ అని, అడ్రినలిన్‌ని ఎపినెఫ్రిన్ అని, సాల్బుటమాల్‌ని ఆల్బుటెరాల్ అని చదవాలి. ఆస్కీకి వచ్చేసరికి మళ్ళీ మన పేర్లే. నలుగురు పేషెంట్లలో ముందు ఎవరి దగ్గరికి పోతారు, ఏ పని కింది సిబ్బందికి అప్పజెప్తారు అనే ప్రశ్నల్లో మనవాళ్ళు పడిపోతారు. "డాక్టర్‌కి తెలియజేస్తాను" అనే జవాబు కనపడగానే టిక్కు పెట్టే అలవాటు మానుకోండి. అంతకుముందు నర్సు చేయాల్సింది ఒకటి ఉంటుంది, చాలాసార్లు జవాబు అదే.

ఆస్కీ ఆస్ట్రేలియా వెళ్ళి రాయాలి, అడిలైడ్‌లో కేంద్రం ఉంది. ఫీజే 4,000 ఆస్ట్రేలియా డాలర్లు, మన లెక్కలో రెండు లక్షల పైమాటే. విమానం, వీసా, బస వేరు. చాలామంది 600 విజిటర్ వీసా మీద పోతారు, ఆ వీసా మీద పనిచేయకూడదు. పది స్టేషన్లుంటాయి, ఒక్కోదాంట్లో ఒక్కో పని చేసి చూపించాలి. మీకు ఐసీయూ చెయ్యి ఉంది కాబట్టి చేసే పని భయం లేదు, అలవాట్లే భయం.

ఒక్క స్టేషన్ చూద్దాం. పేషెంటుకి ఫ్యురోసమైడ్ 30 మిల్లీగ్రాములు ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆంపుల్ మీద 2 ఎంఎల్‌లో 20 మిల్లీగ్రాములని ఉంది. 3 ఎంఎల్ అని మీరు కళ్ళు మూసుకుని చెప్తారు. కానీ మన ఐసీయూలో ఏం చేస్తాం? "పన్నెండో బెడ్‌కి లాసిక్స్" (ఫ్యురోసమైడ్‌కే బ్రాండు పేరు) అని సిరంజి పట్టుకుని పోతాం. అక్కడ బెడ్ నంబరు గుర్తింపు కానే కాదు. మూడు గుర్తింపులు చూడాలి: పూర్తి పేరు, పుట్టిన తేదీ, ఆసుపత్రి రికార్డు నంబరు. పేరు, పుట్టినరోజు పేషెంటు నోటితోనే చెప్పించి, చేతి బ్యాండ్‌తోనూ మందుల చార్టుతోనూ పోల్చాలి. "మీరు ఫలానా కదా" అని అడిగితే చెల్లదు. అలర్జీ ఉందా అని అడగాలి, చార్టులో రాసున్నా సరే. బీపీ, పొటాషియం చూశారా? ఎందుకిస్తున్నారో పేషెంటుకి చెప్పారా, ఇవ్వనా అని అడిగారా? చేతులు పేషెంటుని తాకకముందు, తాకాక, ప్రతిసారీ శుభ్రం చేసుకోవాలి. ఆఖర్న సంతకం, టైము. లెక్క కరెక్టుగా చేసి, అలర్జీ అడగక పోగొట్టుకునే స్టేషన్ ఇది. ఇంట్లో అమ్మనో తమ్ముణ్ణో మంచం మీద పడుకోబెట్టి, పైకి మాట్లాడుతూ రోజూ చేయండి. మనసులో చెక్ చేసుకున్నది పరీక్షకుడికి వినపడదు. హ్యాండోవర్‌కి, అంటే పేషెంటుని ఇంకొకరికి అప్పగించేటప్పుడు, ఐఎస్‌బార్ వరస (ఎవరు, ఏం జరిగింది, వెనకటి సంగతి, ఇప్పటి స్థితి, ఏం చేయాలి) నోటికి రావాల.

ఏజెంటు విషయం. ఆరు లక్షల్లో ఏది ఆఫ్రా ఫీజు, ఏది పరీక్ష ఫీజు, ఏది తన కూలి అని విడగొట్టి రాసిమ్మనండి. పై ఫీజులన్నీ మీ కార్డుతో మీరే కట్టొచ్చు, పోర్టల్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దు. పీఆర్ వీసా సలహాకి వేరే మనిషి కావాలనుకుంటే మారా (ఆస్ట్రేలియాలో వలస ఏజెంట్లని రిజిస్టర్ చేసే సంస్థ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి వాళ్ళ సైట్‌లో చూసుకోండి. నంబరు అడిగితే మాట మార్చేవాళ్ళతో పనిలేదు.

బ్రిటన్ వైపు నుంచి పోవచ్చా అని ఇంకొకరు కూడా అడిగారు. పోవచ్చు. 2025 ఏప్రిల్ నుంచి బ్రిటన్, ఐర్లాండ్ లాంటి కొన్ని దేశాల్లో రిజిస్టరై 1,800 గంటలు పనిచేసినవాళ్ళకి ఆఫ్రా దగ్గరి దారి పెట్టింది. కానీ దానికోసమే అక్కడి ఆస్కీ ఒకటి రాయాలి కదా, నేరుగా వెళ్ళే ఓపిక ఉంటే ఇదే నయం.

పెళ్ళి గురించి అడిగారు కాబట్టి చెప్తున్నా. పెళ్ళవగానే పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చొద్దు. పుట్టింటి పేరుతోనే ఉంచి, భర్త పేరు మాత్రం స్పౌస్ గడిలో చేర్పించుకోవచ్చు. ఎన్‌క్లెక్స్‌కి ఒక పేరు, ఆస్కీకి ఇంకో పేరు అయితే ఇందాకటి నలుగురు మనుషులు ఐదుగురవుతారు. అత్తగారింట్లో ఎవరైనా పట్టుబడితే, రిజిస్ట్రేషన్ వచ్చాక మారుస్తామని చెప్పండి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో మ్యారేజ్ సర్టిఫికెట్ మాత్రం ఆ వారంలోనే తీసేసుకోండి, మీ ఆయన వీసాకి శుభలేఖ, ఫొటోలు చాలవు.