చీకట్లో పెసర మొలకలే పొడవుగా పెరిగాయి: మరి వెలుతురు అక్కర్లేదా?

నమస్కారమండీ. విజయవాడలో మీ అబ్బాయి మేడమీద ఎండలో ఉంచిన పెసర మొలకలు పొట్టిగా ఉండి, బీరువాలో ఉంచినవి జానెడు పెరిగినందున మొక్కకు వెలుతురు అవసరం లేదని రాయవచ్చా అని అడిగారు. కొలత సరైనదే, నిర్ధారణ మాత్రం తప్పు. చీకటిలో మొలక, బీజదళాలలో (గింజలోని రెండు పప్పుబద్దలలో) నిల్వ ఉన్న ఆహారాన్నే ఖర్చు చేస్తూ, వెలుతురును అందుకోవడానికి కాండాన్ని వేగంగా సాగదీస్తుంది కనుక పొడవుగా, పాలిపోయి, బలహీనంగా ఉంటుంది. ఆ నిల్వ అయిపోతే వాడిపోతుంది.

అంతకంటే ముఖ్యమైన లోపం ఇంకొకటి ఉంది. మన బెజవాడ ఎండకు మేడమీద గిన్నె వేడెక్కి తడి ఆరిపోతుంది కాబట్టి, అక్కడ వెలుతురుతోపాటు వేడి, తేమ కూడా మారిపోయాయి. ఈసారి ఒకే గదిలో, కిటికీ దగ్గర, గిన్నెకు 20 గింజల చొప్పున ఒకే సంచిలోవి రెండు గిన్నెలలో వేసి, ఒకదానిపై మాత్రమే గాలి ఆడే అట్టపెట్టె బోర్లించి, రెండింటికీ సమానంగా నీరు పోయించండి. నానబెట్టే ముందు గింజలను, 10 రోజుల తరువాత వేళ్లతో సహా పూర్తిగా ఎండబెట్టిన మొలకలను తూయించండి. ఇంత చిన్న బరువుకు బంగారం తూచే త్రాసు కావాలి. చీకటి మొలకల పొడిబరువు గింజల బరువుకన్నా తగ్గుతుంది, ఎందుకంటే శ్వాసక్రియలో నిల్వ ఖర్చవుతుందే తప్ప కొత్త ఆహారం తయారుకాదు. మొదటి కొలతలను నోటుపుస్తకంలో కొట్టివేయనివ్వకండి.