బరంపురంలో కచేరీలు: ఎలా తెలుస్తాయి, ఎక్కడ కూర్చోవాలి, ఎప్పుడు లేవాలి?

అడిగిన ప్రశ్న ఇది: "హైదరాబాదు నుంచి బదిలీ మీద బరంపురం వచ్చాం. శాస్త్రీయ సంగీతం వినడం ఇష్టం, కానీ రాగాలూ తాళాలూ తెలియవు. ఆన్‌లైన్‌లో వెతికితే ఒక్క కచేరీ కనబడదు. ఇక్కడ అసలు జరుగుతాయా? నాలుగేళ్ళ పాపతో వెళ్ళొచ్చా? విశాఖ వెళ్ళి విని రాత్రికి రాగలమా?"

జరుగుతాయండి. టికెట్లు అమ్మే యాప్‌లో కనబడవు, ఎందుకంటే టికెట్టే ఉండదు. ఇక్కడ కచేరీని పంచాంగం చూసి పెడతారు, కబురు నోటిమాటగా తిరుగుతుంది. కాబట్టి ముందు రెండు పనులు చేయండి. మీ పేటలో సంగీతం పాఠం చెప్పేవారు ఎవరో కనుక్కుని (పాఠం మీకు అక్కర్లేకపోయినా సరే) వాళ్ళ వాట్సాప్ గ్రూపులో మీ నంబరు చేర్పించుకోండి. రెండోది, తెలుగువాళ్ళు ఎక్కువగా వెళ్ళే గుడికి పోయి అర్చకుణ్ణి అడగండి. పోస్టర్ల మీద నమ్మకం పెట్టుకోవద్దు. చాలావరకు ఒడియా లిపిలో, అంకెలు కూడా ఒడియావే వేసి ఉంటాయి. "సంధ్యా 6 ఘటికా" అని ఎవరైనా చదివి చెబితే మన ఘడియల లెక్కలోకి దిగకండి. ఒడియాలో ఘటికా అంటే గంటే, సాయంత్రం ఆరు అని అర్థం.

తిథుల దగ్గర ఒక మెలిక ఉంది, కొత్తవాళ్ళు ఇక్కడే బోల్తా పడతారు. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు. మన నెల అమావాస్యతో ముగుస్తుంది, ఒడియా పంజిలో (వాళ్ళ పంచాంగంలో) నెల పున్నమితో ముగుస్తుంది. శుక్లపక్షానికి పేరు ఇద్దరికీ ఒకటే, బహుళపక్షానికి మాత్రం వాళ్ళ నెల పేరు ఒకటి ముందుకు జరుగుతుంది. అంటే మన పుష్య బహుళ పంచమి వాళ్ళకు మాఘ కృష్ణ పంచమి. గోడకు తగిలించిన ఒడియా కేలండర్లో పౌష కృష్ణ పంచమి వెతుక్కుని బయల్దేరితే సరిగ్గా నెల ముందు వెళ్ళి తాళం వేసిన గేటు చూసి రావాలి. పురందరదాసు ఆరాధన పుష్య బహుళ అమావాస్యకు గనక దానికీ ఇదే తిప్పలు. ఉగాది నుంచి శ్రీరామనవమి దాకా, దసరా తొమ్మిది రోజులూ శుక్లపక్షమే కాబట్టి బెంగ లేదు. ఇంకో సంగతి: ఆరాధన పనిరోజున పడితే చిన్న ఊళ్ళలో దాన్ని దగ్గరి ఆదివారానికి జరపడం మామూలే. తిథి తెలిసినంతలో సరిపోదు, ముందురోజు ఒక ఫోన్ చేసుకోండి.

అక్టోబరులో పెట్టే కచేరీకి ఇంకా జాగ్రత్త కావాలి. 2013లో ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గరే తీరం దాటింది, సరిగ్గా దసరా రోజుల్లో. వాయుగుండం కబురు వినబడితే బయటి వేదిక కచేరీ ఉండదనే అనుకోండి. రెండేళ్ళకోసారి చైత్రంలో వచ్చే ఠాకురాణి జాతర రోజుల్లో పాతబస్తీ వైపు కచేరీ పెట్టే సాహసం ఎవరూ చేయరు. పెట్టినా డప్పుల హోరులో తంబూర వినబడదు.

ఇక హాల్లో. ఆరు గంటలకని వేస్తే జ్యోతి ప్రజ్వలన, సన్మానాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఆరున్నర. అయినా ఇరవై నిమిషాలు ముందే వెళ్ళండి. మొదటి వరస అతిథులకు ఉంచేస్తారు, మూడు నుంచి ఐదో వరస దాకా మంచి చోటు. సౌండ్ బాక్సుకు సూటిగా ఎదురు కూర్చుంటే గంటలో తలనొప్పి ఖాయం. చిన్న హాల్లో రెండు పెద్ద బాక్సులు పెట్టి పెళ్ళి పందిరికి పెంచినంత పెంచడం ఇక్కడి సౌండ్ వాళ్ళ అలవాటు. గాయకులు చెయ్యి కిందకు ఊపి "తగ్గించండి" అన్నా రెండు కీర్తనల తర్వాత మళ్ళీ పైకి లేస్తుంది. దానికి మందు బాక్సుకు పక్కగా, గోడకు దూరంగా కూర్చోవడమే.

ఏ వైపు అన్నది మీకు ఏం కావాలో దాన్నిబట్టి. మనం కూర్చున్న చోటు నుంచి చూస్తే మామూలుగా మృదంగం ఎడమవైపు, వయొలిన్ కుడివైపు ఉంటాయి. ఊరికే పెట్టిన పద్ధతి కాదిది. కుడిచేతి వాటం మృదంగం ఆయన అటు కూర్చుంటేనే కుడి మూత, అంటే నల్లటి కరణి ఉన్న వైపు, జనానికి ఎదురుగా వస్తుంది. ఎడమచేతి వాటం వాళ్ళయితే వైపులు మారతాయి. తాళం నేర్చుకోవాలనుకుంటే ఎడమవైపు చేరండి, వయొలిన్ ఆయన గాయకుణ్ణి ఎలా వెంబడిస్తున్నాడో చూడాలంటే కుడివైపు.

కీర్తనకూ కీర్తనకూ మధ్య మృదంగం ఆయన రాయీ పుల్లా తీసి టకటక కొడుతూ ఉంటే విసుక్కోకండి. సముద్రం పక్క ఊరు, గాలిలో తేమ ఎక్కువ. తోలు సాగి శ్రుతి దిగుతుంది. ఏసీ హాలైతే ఇంకో గొడవ: జనం నిండాక ఏసీ వేస్తారు, పది నిమిషాల్లో తోలు బిగుసుకుని శ్రుతి పైకి పోతుంది. ఎడమ మూతకు అద్దిన రవ్వముద్ద ఫ్యాను గాలికి ఆరిపోతే గుమ్కీ (ఆ వైపు పలికే లోతైన నాదం) పలకదు, అందుకే మధ్యలో నీళ్ళతో తడుపుతారు.

రెండు గంటల కచేరీ నడక సుమారుగా ఇలా ఉంటుంది. వర్ణం ఐదారు నిమిషాలు. వినాయకుడి మీద కీర్తన, ఆ వెంట చిన్నవి రెండు మూడు, ఒక్కొక్కటి ఎనిమిది పది నిమిషాలు. తర్వాత కొంచెం పెద్దది, ఇరవై నిమిషాలు. అటుపైన ప్రధాన కీర్తన: రాగాలాపన (మాటల్లేకుండా రాగాన్ని పాడడం), కీర్తన, నెరవు (ఒకే పంక్తిని పెంచుతూ పాడడం), స్వరకల్పన (అప్పటికప్పుడు సరిగమలు అల్లడం), తని ఆవర్తనం (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) అన్నీ కలిపి నలభై యాభై నిమిషాలు. చివర తుకడాలు (తేలికపాటి చిన్న పాటలు), మంగళం. గాయకులు ఆలాపన ముగించి వయొలిన్‌కు వదిలినప్పుడు, వయొలిన్ ముగించినప్పుడు చప్పట్లు కొట్టొచ్చు. పాట మధ్యలో ఒక సంగతి (పంక్తిని మార్చి పాడే తీరు) బాగుంటే "భేష్" అన్నా తప్పులేదు.

తని మొదలవగానే సగం హాలు టీ కోసం లేస్తుంది. ఇది నాకు అస్సలు నచ్చని అలవాటు. గంటన్నర నుంచి పక్కవాద్యంగా ఒదిగి ఉన్న మనిషికి దొరికే పది నిమిషాలు అవే. పైగా కొత్తగా వినేవాళ్ళకు రాగం కంటే తని తొందరగా అందుతుంది. ఆదితాళం వేసుకుంటూ కూర్చోండి: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, మళ్ళీ దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. మొత్తం ఎనిమిది. చివర్లో ఒకే ముక్తాయింపు (ముగింపు వరస) మూడుసార్లు పడి పల్లవి ఎత్తుగడ దగ్గర దిగుతుంది. అది మీ లెక్కతో కలిసిందంటే ఆ పూటకు చాలు.

లెక్క తప్పేది ఎక్కువగా రెండు చోట్ల. పాట దెబ్బ మీదే మొదలవుతుందనుకోవడం ఒకటి. చాలా కీర్తనలు దెబ్బ పడ్డాక అరక్షరమో అక్షరమున్నరో (అక్షరమంటే తాళంలో ఒక లెక్క) ఆగి ఎత్తుకుంటాయి, కాబట్టి పాటను బట్టి చెయ్యి వేయకండి, గాయకుల తొడ మీది చెయ్యి చూసి వేయండి. రెండోది, విళంబంలో (నెమ్మది నడకలో) ఒక్కో క్రియను, అంటే దెబ్బనూ వేలునూ తిప్పునూ, రెండేసి సార్లు వేస్తారు. ఎనిమిదికి బదులు పదహారు వస్తున్నట్టనిపిస్తే తప్పు మీది కాదు. ఏడక్షరాల మిశ్రచాపు తాళం వచ్చినప్పుడు "తకిట తకధిమి" అని మనసులో అనుకుంటే మూడూ నాలుగూ వాటంతటవే విడతాయి.

మొదటిసారి వెళ్ళడానికి త్యాగరాజ ఆరాధనకు మించింది లేదు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోని ఆయన పంచరత్న కీర్తనలు ఐదూ ఆదితాళమే, గోష్ఠిగా (అందరూ కలిసి) పాడతారు, గంటలోపు అయిపోతాయి. సాహిత్యం పుస్తకం వెంట తీసుకెళ్ళండి. తొలిది సంస్కృతం, తక్కినవి తెలుగు. ఆరభిలోనూ శ్రీరాగంలోనూ ప్రతి చరణం తర్వాతా ఒకే పంక్తి తిరిగి వస్తుంది. దారి తప్పినా అక్కడ అందుకోవచ్చు. పాపను తీసుకెళ్ళడానికీ ఇదే మంచి రోజు, నలుగురు పిల్లలు ఎలాగూ ఉంటారు. మామూలు కచేరీకైతే మొదటి నలభై నిమిషాలు పాపకు సరిపోతుంది, పాటలు చిన్నవిగా, చురుగ్గా ఉంటాయి. తలుపు దగ్గర చివరి కుర్చీ పట్టుకోండి, ఆలాపన మొదలయ్యేలోపు లేచి వచ్చేయండి. కుర్‌కురే ప్యాకెట్ మాత్రం ఇంట్లో వదిలేయండి, మైకు లేని గదిలో దాని చప్పుడు వేదిక దాకా పోతుంది.

మైకు లేని గది అన్నాను గనక: ఈ ఊళ్ళో నిజంగా వినదగ్గవి ఇళ్ళల్లో జరిగే చిన్న కచేరీలే. రెండు మూడు నెలలు హాలు కచేరీల్లో మీ ముఖం కనబడితే వాటికి పిలుపు దానంతటదే వస్తుంది. పిలవకుండా వెళ్ళకూడదు, పిలిచాక మానకూడదు, ఎందుకంటే చోటు లెక్కపెట్టి పిలుస్తారు. పదిహేను అడుగులకు ఇరవై అడుగుల హాల్లో కళాకారులకు ఆరుకు ఎనిమిది అడుగులు పోతే మిగిలేది రెండు వందల యాభై చదరపు అడుగులు. మనిషికి ఆరేడు చొప్పున ముప్పై అయిదు మంది, అంతే. రేపు మీ ఇంట్లో పెట్టుకుంటే కొన్ని చూసుకోండి. కళాకారులను దివాన్ మంచం మీద కూర్చోబెట్టకండి, తాళం వేసినప్పుడల్లా కిర్రుమంటుంది. నేల మీద రెండు దుప్పట్లు, పైన జంపఖానా చాలు. పాలరాతి నేల, అద్దాల కిటికీలు ఉంటే గొంతు గింగుర్లెత్తుతుంది. వెనక గోడకు మందపాటి దుప్పటి వేలాడదీయండి. గాయకుల నెత్తి మీది ఫ్యాను ఆపాలి, పక్కగదిలో ఫ్రిజ్ కూడా ఆపాలి, అది పలికే శ్రుతి తంబూరతో కలవదు. దోమల కాయిలూ అగరొత్తులూ గంట ముందే ఆర్పేయండి, పొగకు గొంతు పట్టేస్తుంది. తాగడానికి గోరువెచ్చని నీళ్ళు. సంభావన పక్కవాద్యాల వాళ్ళకు ఎవరి కవరు వాళ్ళకు విడిగా, చివర నూటపదహారు తగిలించి, తాంబూలంతో. ప్రయాణ ఖర్చు అందులో కలపకండి, అది వేరే. పిలుపు మీద వెళ్ళినవాళ్ళు చందా పెట్టె ఉంటే సినిమా టికెట్టు ఖరీదైనా వేయండి.

తెలుగువాళ్ళం కదా అని ఒడిస్సీ గానం వదిలేయకండి. మీ చుట్టూ ఉన్నది దాని పుట్టిల్లే: ఆ పాటలు కట్టిన కవిసూర్య బలదేవ రథ్ ఈ గంజాం జిల్లా వాడు, గోపాలకృష్ణ పట్టనాయక్ పర్లాకిమిడి వాడు. బలదేవుడి చంపూ కావ్యంలో పాటలు 'క' నుంచి 'క్ష' దాకా వరసగా ఒక్కో అక్షరంతో మొదలవుతాయి. భాష రాకపోయినా ఎక్కడున్నామో తెలుస్తుంది. శంకరాభరణం, సావేరి, ముఖారి అన్న పేర్లు వినబడితే మన రూపం కోసం వెతక్కండి, పేరు ఒకటే అయినా నడక వేరు. మృదంగం చోట మర్దళ ఉంటుంది. జయదేవుడి అష్టపదులు మాత్రం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి.

పాశ్చాత్య పద్ధతిలో రెండు వయొలిన్లు, వయోలా, చెల్లో కలిపి వాయించే చతుష్టయం కావాలంటే కలకత్తా లాంటి పెద్ద నగరానికే పోవాలి. అక్కడి మర్యాద మనకు తిరకాసు: భాగానికీ భాగానికీ మధ్య చప్పట్లు కొట్టకూడదు, మొత్తం అయ్యాకే కొట్టాలి.

విశాఖ రైల్లో సుమారు 277 కిలోమీటర్లు, బండిని బట్టి నాలుగు నుంచి ఐదు గంటలు. విజయనగరం దానికి అరవై కిలోమీటర్లు ఇవతలే. ఆదిభట్ల నారాయణదాసు తొలి ప్రిన్సిపాలుగా 1919లో మొదలైన సంగీత కళాశాల ఉన్న ఊరు, ఆరాధన రోజుల్లో ఒక్కసారైనా వెళ్ళి రావాలి. విశాఖలో కళాభారతి హాలు చూసుకోండి. సాయంత్రం కచేరీ విని రాత్రి బండి ఎక్కితే తెల్లవారుజామున బరంపురం. ఫోన్‌లో అలారం పెట్టుకోకపోతే కళ్ళు తెరిచేసరికి చిల్కా సరస్సు కనబడుతుంది. పాపతో అదే రాత్రి తిరిగి రావడం నేను చెప్పను, ఉండిపోయి పొద్దున్న బండికి రండి. భువనేశ్వర్ 166 కిలోమీటర్లే, రెండున్నర మూడు గంటలు. జనవరిలో రాజారాణి గుడి ఆవరణలో జరిగే సంగీతోత్సవం ఆరుబయటే. మంచు కురుస్తుంది, శాలువా, పాపకు చెవుల టోపీ మరిచిపోకండి.