పిపెట్ సిగరెట్ ఏమైంది?

తమ్ముడూ,

నువ్వు పంపిన పదకొండు పేజీలూ మొన్న రాత్రి కరెంటు పోతే ఫోన్ లైటు పెట్టుకుని మరీ చదివాను. బాగుంది. ఇక తిట్లు.

ఫ్రాన్స్ రగ్బీ లీగ్ (జట్టుకి పదమూడుమంది ఆడే రగ్బీ) ఆటగాడు పుయిగ్ ఓబేర్ మీద అంత రాసి ఒక్కచోటైనా సిగరెట్ లేకపోవడం ఏమిటయ్యా? పొగతాగే అలవాటు వల్లే కదా ఆయనకి 'పిపెట్' అని పేరొచ్చింది! ఆట అటు చివర జరుగుతుంటే ఫుల్‌బ్యాక్‌గా ఇటు వెనకాల నిలబడి, గీత పక్కన జనాన్ని అడిగి ఒకటి తీసుకుని రెండు దమ్ములు లాగేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ట్యాకిల్ చేయడమంటే, అంటే బంతితో వచ్చేవాణ్ణి పట్టి పడేయడమంటే, బద్ధకం. నువ్వేమో ఆయన్ని తెల్లారుజామున లేచి పరుగెత్తే ఆదర్శ క్రీడాకారుణ్ణి చేసి, పైగా "పిల్లలు చదువుతారు కదా సార్" అని మెయిల్లో సంజాయిషీ ఒకటి. చదవనీ.

1951లో ఫ్రాన్స్ జట్టు చేసిన ఆస్ట్రేలియా టూర్‌కి టేబుల్ కట్టావు. సిడ్నీలో 26-15 గెలుపు, బ్రిస్బేన్‌లో 11-23 ఓటమి, మళ్ళీ సిడ్నీలో 35-14. అన్నీ కరెక్టే, కానీ తీసేయ్. ఆ పొట్టి కెప్టెన్ పిపెట్, ఊపిరితిత్తుల నిండా పొగతో, ఆ మూడు టెస్టుల్లో బంతిని కాలితో తన్ని 18 గోల్స్ కొట్టాడు. పొగ దాచేశాక ఆ 18 చూసి నేనెందుకు నోరెళ్ళబెట్టాలి?

నేనూ దెబ్బ తిన్నాకే నేర్చుకున్నా. 1987లో ఒక కబడ్డీ ఆటగాడి మీద రాశాను. బరిలోకి దిగేముందు బీడీ గోడకి నలిపి, మిగిలిన ముక్క అక్కడే ఇటుకల సందులో దాచుకుని, ఆటయ్యాక వచ్చి వెలిగించుకునేవాడు. ఎడిటర్‌గారు ఆ ముక్క మీద ఎర్ర సిరా గీసి, యువతకు స్ఫూర్తి అన్నారు. అచ్చయ్యాక ఆ ఆటగాడి దగ్గరికెళ్ళి చదివి వినిపిస్తే, అంతా విని "ఇదెవరి గురించండీ?" అన్నాడు. ఆ ఎడిటర్ పోయి చాలా కాలమైంది, నా కోపం ఇంకా పోలేదు. ఇప్పుడా ఎర్ర సిరా మోటివేషన్ వాళ్ళ చేతికొచ్చింది.

ఇంకోటి. 1941లో, రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీకి లొంగిన ఫ్రాన్స్‌ని ఏలిన వీషీ ప్రభుత్వం రగ్బీ లీగ్‌ని నిషేధించి ఆస్తులు లాక్కున్న సంగతి ఒక్క వాక్యంలో దాటేశావు. అప్పటికి పిపెట్‌కి పదహారేళ్ళు! యుద్ధం అయ్యాక కూడా 'రగ్బీ' అనే మాట వాడుకోనివ్వక, దశాబ్దాలపాటు దాన్ని 'పదమూడుమంది ఆట' అనే పిలవాల్సి వచ్చింది. దీనికి రెండు పేజీలైనా ఇవ్వవా?

జర్మనీలో ఆండర్‌నాఖ్‌లో పుట్టాడన్నది వెనక్కి తోసెయ్. మైదానంలో, వేళ్ళ మధ్య నిప్పుతో మొదలుపెట్టు. నువ్వడిగిన పబ్లిషర్ సంగతి తర్వాత. ఈసారి పీడీఎఫ్ వద్దు, పెద్దక్షరాల్లో ప్రింటు తీసి పంపు, నా కళ్ళు మునుపటిలా లేవు.