పెరట్లో కప్పలు, తూనీగల కోసం కట్టుకున్న నీటికుంట కారిపోతోంది. లీకు ఎలా ఆపాలి, జీవాలకు హాని లేకుండా మళ్ళీ ఎలా నింపాలి?

కుంట కారినందుకు కప్పలు చావవు. కారిందని కంగారుపడి, అతికిన రోజే నింపేస్తే చస్తాయి. నేను చేసిన పని అదే కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను.

మాది ఒంగోలు దగ్గర పల్లె, నల్లరేగడి నేల. ఎనిమిది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల లోతున ఇటుకా సిమెంటుతో కుంట కట్టించాను. కాసిని కలువ దుంపలు, ఓ మూల తుంగ, అంతే. చేపలు వేయలేదు. కప్పలు, తూనీగలు వాటంతటవే వచ్చాయి. పొద్దున్నే మోటారు వైరు మీద లకుముకి పిట్ట వాలేది.

2023 వేసవిలో నీళ్ళు తగ్గడం మొదలైతే ఎండకు ఆవిరైపోతున్నాయనుకుని నెలరోజులు పోస్తూ కూర్చున్నాను. మీరు అలా చేయకండి. ఒక బక్కెట్టు నిండా నీళ్ళు పోసి కుంటలోనే మెట్టు మీద పెట్టండి. రెండింట్లోనూ నీళ్ళు ఎక్కడున్నాయో గీత గీయండి. మర్నాటికి బక్కెట్లో ఏ అర సెంటీమీటరో తగ్గి, కుంటలో బెత్తెడు తగ్గిందంటే అది ఎండ పని కాదు. ఇక నీళ్ళు పోయడం ఆపేయండి. తగ్గుతూ తగ్గుతూ ఎక్కడ ఆగిందో, పగులు ఆ ఎత్తునే ఉంటుంది. నీళ్ళు నిలకడగా ఉన్నప్పుడు ఆ గోడ పక్కన నాలుగు చుక్కల పాలు వదిలి చూడండి, తెల్లటి చార పగులులోకి లాక్కుపోతుంది. మాకు తూర్పు గోడ అడుగున మూరెడు పొడవున దొరికింది, అగ్గిపుల్ల దూరేంత సందు.

జులైలో మేస్త్రీని పిలిచాను. అప్పటికి వానలు పడి కుంట నిండా తోకకప్పలు. వాటిని రెండు బేసిన్లలోకి ఎత్తి వేపచెట్టు కింద పెట్టాను. ఆయన పగులు కొట్టి, సిమెంటు పెట్టి, లోపలంతా నున్నగా పూత పూసి, "సాయంత్రానికి నింపేసుకో అక్కా, ఏం కాదు" అన్నాడు. బేసిన్లలో అవి కిక్కిరిసి ఉన్నాయి, నాకేమో టెన్షన్. చీకటి పడేలోపే బోరు మోటారు వేసి నింపేసి, బేసిన్లు వంచేశాను.

తెల్లారి చూస్తే నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉన్నాయి. పైన పల్చటి తెల్ల తెట్టు కట్టింది, సున్నపు తేట మీద కడుతుందే, అలాంటిది. అంచు పొడుగునా తోకకప్పలు పొట్టలు పైకి తేలి ఉన్నాయి. ఒకదానికి వెనక కాళ్ళు అప్పుడే మొలిచాయి. చెయ్యి పెట్టి ఎత్తుతుంటే వేళ్ళు సబ్బు రాసుకున్నట్టు జారాయి, ఆరాక చర్మం బిరుసెక్కింది. ఒక్కటీ బతకలేదు.

మా మరిది కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు చేస్తాడు. పీహెచ్, అంటే నీళ్ళలో పులుపో సున్నపు ఘాటో ఎంతుందో చూసే కిట్టు తెచ్చి రెండు చుక్కలు వేయగానే రంగు చార్టు చివరికి పోయింది. "ఇవి నీళ్ళు కాదు వదినా, సున్నమే" అన్నాడు. పచ్చి సిమెంటులోంచి సున్నం నీళ్ళలోకి దిగుతుంది, పీహెచ్ 11 కూడా దాటిపోతుంది. వాళ్ళు రొయ్యలకి ఏడున్నర, ఎనిమిదిన్నర మధ్య ఉండేలా పొద్దునా సాయంత్రం చూసుకుంటారు. ఆ కిట్టు ఆక్వా మందుల షాపుల్లో ఎక్కడైనా దొరుకుతుంది. సిమెంటు పని చేయిస్తే అది లేకుండా నింపొద్దు.

మా అత్తయ్య ఆ రోజే, "అమ్మాయ్, అరటి బోదె ముక్కలు కొట్టి నానెయ్యి, ఘాటు విరుగుతుంది" అంది. కొత్త సిమెంటు తొట్టెలకు పెద్దవాళ్ళంతా చేసేది అదే. వారానికోసారి నీళ్ళు మార్చి, మూడు వారాలు నానేశాం. అప్పుడు పీహెచ్ ఎనిమిదికి దిగింది.

ఇంత చేస్తే అక్టోబరులో ఆ అతుకు పక్కనే కొత్త పగులు! మేస్త్రీని తిట్టి లాభం లేదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. ఆ కదలికకు బిరుసు గోడ నిలవదు. మీది కూడా రేగడి నేలైతే సిమెంటు మీద ఇంకో రూపాయి పెట్టకండి. రొయ్యల చెరువులకు వేసే 500 మైక్రాన్ల (అర మిల్లీమీటరు మందం) గట్టి ప్లాస్టిక్ హెచ్‌డీపీఈ షీటు తెచ్చుకోండి. నేల కదిలితే అదీ కొంచెం సర్దుకుంటుంది. కింద గాజు పెంకులు, రాళ్ళు ఏరేసి, ఇసుక పోసి, పాత గోనెసంచులు పరచాలి. నీలం టార్పాలిన్‌తో సరిపెట్టుకుందామనుకోవద్దు, మన ఎండలకు రెండేళ్ళు ఆగదు. అంచుల మీద బరువుకు మాకు చీమకుర్తి గ్రానైటు ముక్కలు దొరుకుతాయి. వాటి కోసు తగిలితే షీటు తెగుతుంది, కింద గోనె పెట్టే పేర్చాలి. ఒక పక్క ఏటవాలుగా వదలండి, లేకపోతే పిల్లకప్పలు పైకి ఎక్కలేవు.

నింపడం దగ్గరే ఓపిక కావాలి. పాత నీళ్ళు నాలుగు డ్రమ్ములు, అడుగు బురద ఒక బక్కెట్టు దాచండి. తూనీగ పిల్లలు, నత్తలు అందులోనే ఉంటాయి. తీసిన తుంగ, నాచు ఒక రోజు గట్టునే ఉంచితే అందులో చిక్కుకున్నవి పాక్కుంటూ నీళ్ళలోకి పోతాయి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ పోయేదాకా రెండు రోజులు ఎండలో మూత లేకుండా ఉంచాలి. బోరు నీళ్ళలో ప్రాణవాయువు తక్కువ, ఎత్తు నుంచి జల్లులా పడేట్టు పైపు కట్టండి. ముందు పాత నీళ్ళు, తర్వాత రోజుకు పావు వంతు కొత్తవి. అన్నిటికంటే వాన నీళ్ళు మేలు. మేం నవంబరులో షీటు వేసి సగమే నింపాం. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన ఆ రెండు రోజుల్లో మిగతా సగం ఆకాశమే నింపింది.

అదే నెలలో మా దగ్గరి గుండ్లకమ్మ ప్రాజెక్టు ఆనకట్ట గేటు కొట్టుకుపోయింది. 2022లో ఒకటి పోయింది, ఇది రెండోది. కరువు జిల్లాలో దాచుకున్న నీళ్ళు అలా సముద్రం పాలవుతుంటే నాకు నిద్ర పట్టలేదు. గట్టయినా గేటయినా కారకముందే చూసుకోవాలని ఎవరికి చెప్పాలి?

ఇంకో సంగతి. దోమలొస్తాయని ఎవరో ఒకరు గంబూసియా చేపలు వదలమంటారు, మా వీధిలోనూ అన్నారు. వదలొద్దు. అవి తోకకప్పల్ని కూడా తింటాయి. తూనీగ పిల్లలుంటే దోమ పిల్లల్ని అవే తింటాయి, కుంట నిలదొక్కుకోవడానికి కాస్త టైమివ్వండి.

షీటు కొలత తప్పు తేకండి. పొడవుకు లోతు రెండింతలు కలిపి, అంచులకు రెండడుగులు వేయండి. వెడల్పుకూ అంతే. మా కుంటకు పద్నాలుగుకి పన్నెండు అడుగులు పట్టింది. మీ కొలతలు, నేల రకం రాయండి, లెక్క కట్టి చెబుతాను.