అల్లుడి ముత్తాతల కోసం తవ్వబోయే ముందు

చి.ల.సౌ. లావణ్యకు, అత్త ఆశీస్సులు.

మొన్న మీ అమ్మ ఫోన్ చేసి, "నీ మేనకోడలికి నీ పిచ్చే పట్టింది వదినా" అంది. అల్లుడి ముత్తాత తండ్రి అమెరికా సివిల్ వార్‌లో ఉన్నాడట, ఆయన వంశం తవ్వుతున్నావట. పొంగిపోయాను. రెండు రాత్రుల్లో 1600 దాకా వెళ్లిపోయావని కూడా చెప్పేసరికి గుండె గుభేలుమంది. నేను పదేళ్లు కూర్చుని వందేళ్లు దాటలేదే తల్లీ! ఆ వెబ్‌సైట్లలో వంశవృక్షాలు ఒకరివి చూసి ఒకరు ఎక్కించుకున్నవి. పదిమంది రాశారంటే పది సాక్ష్యాలని కాదు, ఒకడి తప్పుకి తొమ్మిది జిరాక్సులు.

మామూలు పనులు నీకు తెలిసినవే. అల్లుడి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లు. ఒహాయోలో మరణ ధ్రువపత్రాలు 1908 డిసెంబరు నుంచి ఉన్నాయి. అంతకుముందువి, 1867 దాకా, కౌంటీ ప్రొబేట్ కోర్టు (వీలునామాలు, వారసత్వాలు చూసే కోర్టు) పుస్తకాల్లో చూడు. జనాభా లెక్కల్లో 1850కి ముందు ఇంటి యజమాని పేరొక్కటే ఉంటుంది. ఎవరు ఎవరికి ఏమవుతారో రాయడం 1880లో గానీ మొదలవలేదు. స్పెల్లింగ్ పట్టుకుని వేలాడకు, లెక్కలాయన చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు.

1890 లెక్కలు మాత్రం దాదాపు లేవు. 1921 జనవరిలో వాషింగ్టన్‌లో అంటుకున్న మంటల్లో కాలినవి కాలాయి, ఆర్పిన నీళ్లకు తడిసినవి తడిశాయి, మిగిలినవాటిని తర్వాత ప్రభుత్వమే పారేసింది. 1880కీ 1900కీ మధ్య ఉన్న ఆ గోతిలోనే నేను పడ్డాను.

మా అత్తగారు అమెరికా ఆవిడే కదా. ఆవిడ నాన్న 1882లో పుట్టి, ఈవిడకి నాలుగేళ్లప్పుడే పోయాడు. తాత పేరు జాన్, నానమ్మ పేరు మేరీ, తాత యుద్ధానికి వెళ్లాడు. ఆవిడకి తెలిసింది అంతే. డెబ్బై అయిదో పుట్టినరోజుకి ఆ తాతని వెతికి ఇస్తానని మాటిచ్చాను. లైబ్రరీలో మైక్రోఫిల్మ్ తిప్పీ తిప్పీ మెడ పట్టేసింది. 1880లో పక్కపక్క టౌన్‌షిప్‌లలో, మన ఊళ్లో సుబ్బారావుల్లా, అదే ఇంటిపేరుతో ఇద్దరు జాన్‌లు. ఇద్దరి భార్యలూ మేరీలే! 1900కి వచ్చేసరికి ఒక్కడే మిగిలాడు. సమాధి మీద రెజిమెంట్ పేరు కూడా ఉంది. ఇంకేం, ఈయనే అనేశాను. వాషింగ్టన్ నుంచి ఆయన సైనిక పెన్షన్ ఫైల్ తెప్పించాలంటే నెలలు పట్టేది. పుట్టినరోజు తొందరలో ఊరుకున్నాను.

ఆ ఏడు మేలో మెమోరియల్ డేకి, అంటే పోయిన సైనికుల్ని తలుచుకునే రోజుకి, అత్తగారు తోటలో పియోనీ పూలు కోసి, తడిగుడ్డ చుట్టి, ఒళ్లో పెట్టుకుని కారెక్కారు. రాయి మీద చెయ్యేసి "గ్రాండ్‌పా" అన్నారు. అలా ఆరేళ్లు వెళ్లారు.

ఆవిడ పోయాక ఫైల్ తెప్పించాను. అందులో 1898లో పెన్షన్ ఆఫీసు పంపిన ప్రశ్నల కాగితం ఉంది. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు ఆయన వణికే చేత్తో రాశాడు. ఏడుగురు. మా అత్తగారి నాన్న అందులో లేడు. మన జాన్ ఆ గోతిలోనే, 1880ల్లో చనిపోయాడు. మేరీ మళ్లీ పెళ్లి చేసుకుని ఇంటిపేరు మార్చుకుంది. పిల్లాడికి గార్డియన్‌ని పెట్టిన కాగితం ప్రొబేట్ కోర్టులో, మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో, అన్నాళ్లూ ఉంది. ఆ రాత్రి మీ మామయ్య ఏం మాట్లాడలేదు, టీ పెట్టి ఇచ్చారు.

అందుకే, అల్లుడి నానమ్మకి తొంభై ఒకటి అని విన్నాను, ఈ ఆదివారమే వెళ్లు. పేర్లే కాదు, ఎవరికి ఎవరు ఆడపడుచో, ఎవరితో మాటల్లేవో అడుగు. సెన్సస్ వచ్చే వారం కూడా ఉంటుంది.

అల్లుడి అమ్మ తరఫువాళ్లు కెంటకీ అన్నావు కదా, అప్పట్లో బానిసత్వం ఉన్న రాష్ట్రం అది. 1850, 1860 బానిసల లెక్కలు కూడా చూడు. యజమాని పేరు కింద వయసు, ఆడా మగా అని గీతలే, మనుషుల పేర్లుండవు. వాళ్ల ఇంటిపేరు అక్కడ కనబడితే దాచకు. ముందు అల్లుడికి చెప్పు, అదీ అన్నం తిన్నాక. రాత్రి రెండింటి దాకా మేలుకోకు.

నేను ఇప్పటికీ మే నెలాఖరుకి రెండు గుత్తులు కడతాను. ఒకటి మన జాన్‌కి, ఒకటి ఆ రెండో ఆయనకి. మా అత్తగారు ఆరేళ్లు పూలు పెట్టిన మనిషిని ఎలా వదిలేస్తాను? మోకాళ్లు సహకరించడం లేదు. ఈసారి మీరిద్దరూ రండి, కారు నువ్వు నడుపుదువు గాని.

మీ అత్త