రొయ్య కండలో ప్రోటీన్: సగానికి పలుచన చేస్తే సగం రాలేదేం?

ప్రశ్న: భీమవరం దగ్గరి చెరువులో పట్టిన వనామి రొయ్యల కండను ట్రైటాన్ అనే డిటర్జెంటు కలిపిన బఫర్‌లో నూరి, తేట ద్రావణంలోని ప్రోటీన్‌ను బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతిలో కొలిచాను. నీరు కలిపిన రంగు ద్రావణంతో సున్నా చేసుకుంటే 595 నానోమీటర్ల కాంతి వద్ద శోషణ (ద్రావణం పీల్చుకున్న కాంతి కొలత) 0.92 వచ్చింది. అదే బఫర్‌తో సగానికి పలుచన చేస్తే 0.46కు బదులు 0.61 చూపింది. మూడుసార్లు చేసినా అంతే. తప్పు పిపెట్‌దా, నాదా?
- ఎం.ఎస్సీ. విద్యార్థిని, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: మూడుసార్లూ అదే అంకె వచ్చిందంటే మీ చెయ్యీ, పిపెట్టూ నిలకడగానే ఉన్నాయి. అనుమానించవలసింది బఫర్‌ను. మీరు పలుచన చేసింది అదే బఫర్‌తో కనుక ప్రోటీన్ సగమైంది గాని ట్రైటాన్ రెండు గొట్టాల్లోనూ సమానంగానే ఉండిపోయింది. రెండు రీడింగుల తేడా 0.31, అది ప్రోటీన్‌లో సగం వాటా అనుకుంటే మొత్తం 0.62 అవుతుంది, మిగిలిన 0.30 బఫర్‌ది. ప్రోటీన్ లేని బఫర్‌ను ఒక్కదాన్నే రంగులో కలిపి చూడండి, ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

మేరియన్ బ్రాడ్‌ఫోర్డ్ 1976లో ప్రకటించిన ఈ పద్ధతిలో కూమాసీ బ్రిలియంట్ బ్లూ జి-250 అనే రంగు ఆమ్ల ద్రావణంలో ఎరుపు గోధుమ వన్నెలో ఉండి, ముఖ్యంగా ప్రోటీన్‌లోని ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లాన్ని పట్టుకున్నప్పుడు నీలంగా మారుతుంది. (ఉన్ని అద్దకానికి పుట్టిన ఈ రంగుకు ఘనాలోని కుమాసీ నగరం పేరు పెట్టారు.) చిక్కేమిటంటే, డిటర్జెంటు మోతాదు మించితే ప్రోటీన్ లేకపోయినా రంగు నీలానికి తిరుగుతుంది. ట్రైటాన్ 0.1 శాతం లోపు ఉండేలా నీటితో పలుచన చేసి, ప్రామాణిక గొట్టాల్లోనూ (మోతాదు తెలిసిన ప్రోటీన్ ఉన్నవి), సున్నా గొట్టంలోనూ అంతే ట్రైటాన్ కలపండి. అంత పలుచన చేస్తే ప్రోటీన్ అందనంత తగ్గిపోయేట్టయితే, డిటర్జెంటును బాగా ఓర్చుకునే బీసీఏ (బైసింకోనినిక్ ఆమ్లం) పద్ధతికి మారడమే మేలు.

ఒకవేళ ఉత్త బఫర్ సున్నాకు దగ్గరగా చూపితే, ప్రోటీన్ ఎక్కువై ప్రామాణిక రేఖ (ఆ ప్రామాణిక గొట్టాల రీడింగులతో గీసేది) పైభాగం వంగిందన్నమాట. అప్పుడు మరింత పలుచన చేసి, రేఖ హద్దుల్లోకి వచ్చిన రీడింగునే తీసుకోవాలి.

మీరు అడగలేదు గాని, ఇంకొక మాట. పశువుల సీరం ఆల్బుమిన్‌తో గీసిన రేఖ ఉంటే, ఆ ప్రోటీన్ ఈ రంగును గామా గ్లోబులిన్ అనే మరో ప్రామాణిక ప్రోటీన్ కంటే దాదాపు రెట్టింపు పట్టుకుంటుంది కనుక, దాని మీద రొయ్య కండను చదవడం ఊరి ధాన్యాన్ని పొరుగూరి కుంచంతో కొలవడమే. చెరువుకూ చెరువుకూ పోల్చడానికి అది చాలు; థీసిస్‌లో మాత్రం ఏ ప్రమాణంతో కొలిచారో తప్పక రాయండి.