ఇంజినీరింగ్ వద్దు, డాన్ బోస్కో సభలో చేరతానంటే...

ప్రశ్న: మాది గుంటూరు జిల్లాలో ఒక కతోలిక కుటుంబం. మా ఒక్కగానొక్క అబ్బాయి ఇంటర్ ఎంపీసీ పూర్తిచేశాడు. ఏదో ఒక కాలేజీలో సీఎస్ఈ సీటు వస్తుంది. వాడేమో డాన్ బోస్కో ఫాదర్ల సలేషియన్ సభ అనే కతోలిక సన్యాస సంఘంలో చేరి పేదపిల్లలకు చదువు చెబుతానంటున్నాడు. బంధువులకు ఏం చెప్పాలో తెలియడం లేదు. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ మనసులో ఉన్నది కొడుకు చేజారిపోతాడన్న దిగులు. ఎందరో తల్లిదండ్రులు ఇదే దిగులుతో రాస్తుంటారు కనుక ముందు ఆ సంగతి చెబుతాను. సభలో చేరగానే ఎవరూ జీవితాంతం కట్టుబడిపోరు. పదిహేడేళ్లు నిండనివారిని నొవిషియేట్ అనే తొలి శిక్షణలోకి తీసుకోవడానికి కతోలిక చట్టం ఒప్పుకోదు. ఆ శిక్షణ సాగినంత కాలం ఎప్పుడైనా ఇంటికి వచ్చేయవచ్చు. ఆ తర్వాత పేదరికం, బ్రహ్మచర్యం, విధేయత అనే వ్రతాలు కూడా కనీసం మూడేళ్లు తాత్కాలికమే, శాశ్వత వ్రతానికి 21 ఏళ్లు నిండాలి. మధ్యలో పిల్లల నడుమ పనిచేయడానికి పంపుతారు. ఈ జీవితం తనకు సరిపడుతుందో లేదో మీ అబ్బాయికి అక్కడే తెలుస్తుంది.

ఇటలీలోని తురిన్‌లో, పల్లెల నుంచి పనికోసం వచ్చి దిక్కులేకుండా తిరిగే కుర్రాళ్లను చేరదీసిన ఫాదర్ జాన్ బోస్కో (డాన్ బోస్కో అంటే ఆయనే) 1859లో ఈ సభను స్థాపించారు. 1852లో ఆయన ఒక వడ్రంగి మేస్త్రితో రాయించిన ఒప్పందంలో, కుర్రాడికి పని నేర్పాలనీ, తప్పుచేస్తే మాటలతోనే సరిదిద్దాలనీ, పండుగ రోజుల్లో సెలవివ్వాలనీ షరతులున్నాయి. ఈ సభవారు 1906లో తంజావూరుకు వచ్చారు. మీకు దగ్గర్లోని విజయవాడలో 1989లో మొదలైన నవజీవన్ బాలభవన్ వారిదే. రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికే పిల్లలను చేరదీసిన ఆ సంస్థను అబ్బాయితో కలిసి చూసి రండి.

ఇక సీఎస్ఈ గురించి నా అనుమానాలు దాచను. అందరూ అటే పరుగెడుతున్నారని కాలేజీలు సెక్షన్లు పెంచుకుంటూ పోతున్నాయి. అంతమందికి పాఠం చెప్పగల అధ్యాపకులు ఎక్కడున్నారు? ఇష్టం లేకుండా చేరిన పిల్లలు బ్యాక్‌లాగులతో, అప్పులతో బయటికి రావడం చూస్తూనే ఉన్నాను. మీ అబ్బాయికి ప్రోగ్రామింగ్ మీద ఆసక్తి ఉందో లేదో మీరు ఒక్క మాటైనా రాయలేదు, బంధువుల గురించి మాత్రం రాశారు. ఇది సరికాదండీ. పెళ్లిళ్లలో రెండు నిమిషాలు పలకరించి వెళ్లిపోయేవారి కోసం కొడుకు నలభై ఏళ్ల బతుకును నిర్ణయిస్తారా?

ఒక విషయం మాత్రం ముందే తెలుసుకోండి. సభలో ఉన్నవారి జీతం సభకే చెందుతుంది కనుక, ముసలితనంలో మీకు అతని సంపాదనే ఆధారమైతే ఆ మాట ఫాదర్లకు దాచకుండా చెప్పాలి. డిగ్రీ పూర్తిచేసి చేరినా అభ్యంతరం ఉండదు. మీ భయం తగ్గడానికి ఆ మూడేళ్లు ఉపయోగపడతాయనుకుంటే అబ్బాయితో అలాగే మాట్లాడండి. గురువు, అంటే ఫాదర్ కావాలనుకుంటున్నాడో, ఫాదర్ కాకుండా వ్రతాలు తీసుకున్న బ్రదర్‌గా ఉండి వర్క్‌షాపుల్లో పిల్లలకు పని నేర్పాలనుకుంటున్నాడో కూడా అడగండి. ఈ సభలో రెండు దారులూ ఉన్నాయి, రెంటికీ చదువు వేరు.